సిప్పీఘాట్‌లో ఆరు రోజులు మూగబోయిన పెట్టె

నాకు కంగారెక్కువ. ఊరెళ్ళేటప్పుడు గ్యాస్ కట్టేశానో లేదో అని సగం మెట్లు దిగి మళ్ళీ పైకెక్కే రకం నేను. అలాంటిదాన్ని తీసుకెళ్ళి, ఎక్కడో ఉన్న వస్తువులు ఎలా ఉన్నాయో ఇంట్లో కూర్చుని చూసే ఉద్యోగంలో పెట్టారు. విశాఖపట్నంలో మాదొక చిన్న కంపెనీ. వాగులు, పొలాలు, మంచినీళ్ళ ట్యాంకులు తమ కబురు తామే చెప్పుకునేలా దేశమంతా సెన్సర్ల గొలుసు ఒకటి కడుతున్నారు కదా, ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ అని పేపర్లలో రాస్తుంటారు, అందులో అండమాన్‌కి చెందిన పదకొండు సెన్సర్లు మావి. నా కంప్యూటర్ తెర మీద అవి పదకొండు పచ్చ చుక్కలు. సెప్టెంబరులో ఒక సోమవారం పొద్దున్న చూస్తే వాటిలో ఒకటి బూడిదరంగులోకి తిరిగింది. ఆ చుక్క పేరు సిప్పీఘాట్.

సిప్పీఘాట్ పోర్ట్ బ్లెయిర్ ఊరి బయట ఉన్న పల్లె. సముద్రపు పాయ, అక్కడివాళ్ళు ఖాడీ అంటారు, పొలాల పక్కదాకా వస్తుంది. పాయకీ పొలానికీ మధ్య మట్టిగట్టు, గట్టులో ఒక తూము. వానాకాలంలో పొలంలో నిలిచే నీళ్ళు బయటికి పోవాలి కాబట్టి తూము తెరిచే ఉంచుతారు. మామూలు పోటుకి ఉప్పునీరు తూము దాకా రాదు. పున్నమికీ అమావాస్యకీ మాత్రం వస్తుంది, అప్పుడు మూసెయ్యాలి. మా సెన్సర్ పని అదే: నీళ్ళు గుర్తు దాటగానే రైతు ఫోన్‌కి సందేశం పంపడం. ఆ చుక్క ఆగిపోయింది సోమవారం. పున్నమి ఆ వచ్చే ఆదివారం. పోటుల పట్టిక తీసి చూస్తే, ఆ ఆదివారం ఉదయం పది దాటి నాలుగు నిమిషాలకి ఆ నెలలోకల్లా పెద్ద పోటు.

రైతుల నంబర్లు మా దగ్గర ఉండవు, అవి అక్కడి వ్యవసాయశాఖ కార్యాలయంలోనే ఉంటాయి. నా దగ్గరున్నది గేట్‌వే పెట్టె పెట్టిన దుకాణం నంబరొక్కటే. సెన్సర్ చెప్పే మాటని అందుకుని ఇంటర్నెట్‌లోకి పంపేది ఆ పెట్టె. దుకాణదారు అప్పన్న గారికి మూడు రోజులు వరసగా ఫోన్ చేశాను. "పెట్టె బాగుందమ్మా, దీపం ఎలుగుతోంది" అన్నారు మూడుసార్లూ. అయితే పోయింది నీళ్ళలోని సెన్సరేనని తేల్చుకుని, కొత్తది సంచిలో వేసుకున్నాను. తూము పక్క పొలం ఒక ఆవిడదని తెలుసు, ఆవిడకి ముందుగా చెప్పి ఉంచమని ఆయనకే అప్పగించాను. ఆ మర్నాడు సోమవారం ప్రభుత్వం తరఫున పెద్దలు పరిశీలనకి వస్తున్నారు, మిగతా ద్వీపాలకి ఈ పని ఇవ్వాలా వద్దా తేల్చేది ఆ రోజే. అందుకని మా మేనేజరు కూడా మారు మాట్లాడకుండా టిక్కెట్టు తీశాడు.

శనివారం సాయంత్రం విశాఖ నుంచి చెన్నై, ఆదివారం తెల్లవారుతూనే అక్కణ్ణుంచి పోర్ట్ బ్లెయిర్. రెండు గంటల పైచిలుకు ప్రయాణం. టిక్కెట్టు మీద ఇప్పుడు శ్రీ విజయపురం అని ఉంటుంది గానీ ఆటోవాళ్ళ నోట ఇంకా పోర్ట్ బ్లెయిరే. కిటికీ పక్క సీటు దొరికితే దిగే ముందు సముద్రం రంగులు చూడాలని అందరూ చెబుతారు. నాకు దొరికింది. నేను చూసింది మాత్రం వాచీనే. ఏడున్నరకి దిగి, సామాను పట్టుకుని బయటికొచ్చేసరికి ఎనిమిది దాటింది. ఇక్కడ సూర్యుడు అయిదింటికే వచ్చేస్తాడు, కాబట్టి ఎనిమిదికి మన పదింటి ఎండ కాస్తోంది. అప్పటికే ఆలస్యమైపోయిందన్న భయం దానివల్ల ఇంకాస్త పెరిగింది.

తీరిక ఉంటే మోహన్‌పురా బస్టాండు నుంచి సిటీ బస్సు ఎక్కండి, ఇరవై రూపాయల్లో పోతుంది. నాకు తీరిక లేదు. మూడొందల యాభైకి ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు ఇక్కడే పుట్టిన తమిళాయన, మాట్లాడేది హిందీ. ఆదివారం సిప్పీఘాట్‌లో ఏం పని అని అడిగాడు. పోటు వచ్చేలోగా చేరాలన్నాను. ఆయన అద్దంలోంచి నన్నొకసారి చూశాడు. "ఆజ్ పూనమ్ హై దీదీ. సునామీ కే బాద్ ఉధర్ కా జమీన్ నీచే హో గయా. పానీ రోడ్ తక్ దిఖేగా" అన్నాడు. సునామీ తర్వాత అక్కడి నేల కుంగిందని, పున్నమికి నీళ్ళు రోడ్డు పక్కనే కనబడతాయని. నేను చదివిన విషయమే. ఇంకొంచెం వేగంగా పొమ్మన్నాను. గారచర్మా దగ్గర ఆదివారం సంత వల్ల ఆటో పది నిమిషాలు ఆగిపోయింది. ఆకుకూరల గంపల మధ్య నుంచి హారన్ కొట్టుకుంటూ ఎలాగో బయటపడ్డాం. ఆ గంపల్లో ఒకటి నేను వెతుక్కుంటూ వెళ్తున్న మనిషిదేనని నాకప్పుడు తెలియదు.

తొమ్మిదికి పది నిమిషాలుండగా దుకాణం చేరాను. అప్పన్న గారికి అరవై దాటి ఉంటాయి. తండ్రి సోంపేట వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాడు, ఈయన పుట్టింది ఇక్కడే. నన్ను చూసి చాలా సంబరపడి, కూర్చోమని స్టూలు తుడిచారు. కూర్చోలేదు. పెట్టె ఎక్కడని అడిగాను. దేవుడి పటాల అలమరలో పైఅర చూపించారు. అక్కడ, వెంకటేశ్వరస్వామి పక్కన, రెండు ప్లాస్టిక్ సంచులు చుట్టి, రబ్బరుబ్యాండు వేసి, తీగ చక్కగా మడిచిపెట్టి ఉంది మా గేట్‌వే.

"దీపం వెలుగుతోందన్నారు కదండీ?"

"ఎలుగుతోంది కదమ్మా," అని ఫ్రిజ్ పక్కనున్న స్టెబిలైజర్ చూపించారు. "సోమారం కరెంటు పోనాది. ఇక్కడ కరెంటు పోతే సబ్ కుచ్, అన్ని ప్లగ్గులూ పీకీడమే. తిరిగొచ్చినప్పుడు ఓల్టేజీ ఒక్కసారి కొట్టీద్ది. నాది ఒక ఫ్రిజ్జు, ఒక టీవీ అలాగే కాలిపోనాయి. మీది సర్కారీ పెట్టె, కాలిపోతే రేపు నేనేటి జవాబు సెప్పాల? అందుకే తిరిగి ప్లగ్గులో ఎట్టకండా బద్రంగా పైన పెట్టినాను. ఓల్టేజీ సమంగుందో లేదో ఈ స్టెబిలైజర్ దీపమే సెప్తాది."

కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తోచలేదు. వోల్టేజీ ఒక్కసారి కొట్టినా కాలిపోకుండా ఆ పెట్టెలో రక్షణ ఉంది. ఆ సంగతి మా నలభై పేజీల పుస్తకంలో రాశాం. ఆయనకి మాత్రం చెప్పలేదు. ప్లగ్గు పెట్టాను. మూడు నిమిషాలకి పచ్చదీపం వచ్చింది. ఫోన్‌లో సిప్పీఘాట్ చుక్క కూడా పచ్చబడింది. సెన్సర్ నిక్షేపంలా ఉంది, ఆరు రోజులూ అది చెబుతూనే ఉంది, వినేవాళ్ళే లేరు. ఇప్పుడు అది చెబుతున్నదేమిటంటే నీళ్ళు గుర్తుకి నాలుగు వేళ్ళ దిగువన ఉన్నాయని.

"పొలం ఆవిడకి చెప్పారా?" అన్నాను.

ఆయన మొహం మారింది. "దీపం ఎలుగుతుంటే పార్వతి దీదీని కంగారెట్టడం ఎందుకని… సెప్పలేదమ్మా. ఆదివారం కదా, గారచర్మా సంతకెల్లుంటాది." ఫోన్ చేశారు. కలవలేదు. ఇంకోసారి చేశారు. "లగ్ నహీ రహా," అని ఫోన్ జేబులో పడేసి, దుకాణం తలుపైనా వెయ్యకుండా నాతో గట్టు మీదికి బయల్దేరారు. వయసుకి చాలా వేగంగా నడిచారు. "బేగి రండి, బేగి రండి" అని వెనక్కి చూసి అంటుంటే నాకు ఊపిరి అందలేదు.

గట్టుకి ఎడమవైపు ఖాడీ, కుడివైపు పార్వతి దీదీ పొలం: బెండ, బరబాటి అని ఇక్కడ పిలిచే అలసంద, గట్టు వారన నాలుగు తోటకూర మళ్ళు. సునామీలో మునిగిన నేలే ఇది. వాన కడిగి కడిగి ఉప్పు దిగడానికి ఏళ్ళు పట్టిందని అప్పన్న గారు నడుస్తూనే చెప్పారు. ఒక్కసారి ఉప్పునీరు నిలిచిందంటే మళ్ళీ మొదటికే. నేను చూస్తుండగానే తూము అంచు తడిసింది. కొంచెంసేపటికి సన్నటి పాయ ఒకటి లోపలికి జారింది, చప్పుడు లేదు. నేను పెద్ద అలనీ హోరునీ ఊహించుకుని వచ్చాను. అంత నెమ్మదిగా వచ్చే నీళ్ళని చూస్తే ఎక్కువ భయమేసింది.

తూము మూయడానికి నాలుగు చెక్కలు. గాడిలో ఒకదాని మీద ఒకటి దింపాలి. మూడు దింపాం. నాలుగోది వానకి ఉబ్బి సగంలో బిగుసుకుపోయింది. నేను మీద కూర్చున్నాను, అప్పన్న గారు రాయితో కొట్టారు. కదల్లేదు. దాని కిందనుంచి నీళ్ళు జివ్వున లోపలికి కొడుతున్నాయి. మొదటి తోటకూర మడి నిండింది. మోకాళ్ళ లోతు బురదలో నిలబడి, నా ఖరీదైన కొత్త సెన్సర్ ఉన్న సంచిని ఆ సందుకి అడ్డం పెట్టాను. ఆగలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

రెండో మడి సగం నిండేసరికి గట్టు మీద ఎవరో పరిగెత్తుకొస్తున్న చప్పుడు. చీర ఎగదోపుకుని, చేతిలో ఫోన్‌తో ఒక నడివయసు మనిషి. నన్ను పలకరించలేదు, ఎవరని అడగలేదు. "హటో హటో," అని తూములోకి దిగి, మేము బిగించిన చెక్కని ఒక్క తన్నుతో పైకి లేపి, తలకిందులు చేసి దించింది. జారినట్టు కూర్చుంది. గట్టు పక్కన గడ్డి కలిపి ఉంచిన జిగురుమట్టి తీసి సందులు మెత్తింది. నీళ్ళు ఆగాయి. వాచీ చూస్తే తొమ్మిది యాభై. బయట ఖాడీ ఇంకా పైకి లేస్తూ, నాలుగో చెక్క నడుం దాకా వచ్చి, అక్కడ ఆగింది.

దీదీ అప్పుడు గట్టు మీద చతికిలబడి పొలం వైపు చూసింది. రెండు మళ్ళు. "అవి పోనాయి," అంది. "మిగతాది ఉంది." 

మధ్యాహ్నం దాకా వాళ్ళింటి వరండాలో కాళ్ళు ఎండబెట్టుకుంటూ కూర్చున్నాను. అన్నం, చేపలపులుసు పెట్టింది. డబ్బులివ్వబోతే కసురుకుంది. నేను అప్పటికే మందు కనిపెట్టేశాను. పోటు లేనప్పుడు కూడా రోజూ పొద్దున్న "అంతా బాగుంది" అని ఒక సందేశం పంపిస్తాం, అది రాకపోతే ఏదో తేడా ఉందని అర్థం చేసుకోవాలి అని గొప్పగా వివరించాను. దీదీ విని తల అడ్డంగా ఊపింది.

"నాకు తెలుగు చదవడం రాదు. మేం హిందీ మీడియం."

"మరి మీరే కదా తెలుగు కావాలన్నారు?"

"ఏ భాష మాట్లాడతావని అడిగినారు. సెప్పినాను."

"మరి ఇన్నాళ్ళూ మా సందేశం వస్తే?"

"మీ నంబరు నుంచి ఏదొచ్చినా తూము మూసీడమే. ఇవాళ పున్నమైనా మీదేటీ రాలేదు కదాని తెరిచే సంతకెల్లినాను, అక్కడ టింగ్‌మంది, గంప పక్కావిడకి ఒగ్గీసి ఆటో ఎక్కీసినాను."

నాకు హఠాత్తుగా గుర్తొచ్చింది. "జనవరిలో గణతంత్ర దినోత్సవ శుభాకాంక్షలు పంపాం కదా?"

"ఆ రోజు కూడా మూసినాను," అంది. "రెండ్రోజులు తెరవలేదు. నీళ్ళు ఎందుకు రాలేదా అనుకున్నాను." అని నవ్వింది. అప్పన్న గారూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గ్యాస్ మూడేసిసార్లు చూసుకునే మనిషిని నేను. ఒక్కసారంటే ఒక్కసారి, మీకిది చదవడం వచ్చా అని అడగలేదు.

సోమవారం పరిశీలనలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మేనేజరు ఫోన్‌లో రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. పెద్దలు విని, మిగతా ద్వీపాల పని వెంటనే ఇవ్వలేదు, ముందు ఈ పదకొండు చోట్లా ఇంటింటికీ వెళ్ళి మాట్లాడి రమ్మన్నారు. ఇప్పుడు దీదీకి రోజూ ఉదయం ఆరింటికి హిందీలో "సబ్ ఠీక్ హై" అని వెళ్తుంది. ఆరున్నర దాకా రాకపోతే ఆవిడ గట్టు మీదికి వెళ్తుంది. కరెంటు పోయినా ఈ పెట్టె పీకొద్దని అప్పన్న గారి ప్లగ్గు పక్కన కూడా హిందీలోనే చీటీ అంటించాం.

చెన్నై నుంచి సముద్రం అడుగున ఈ ద్వీపాలకి తీగ వేశారు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది. అంత దూరం వచ్చిన ఆ తీగ చివరి రెండడుగులు ఒక దుకాణం గోడ మీదున్న ప్లగ్గులో ముగుస్తాయి, ఆ ప్లగ్గు ఒక మంచిమనిషి జాగ్రత్త చేతిలో ఉంటుంది. దేశమంతా ఇలాంటి ప్లగ్గులెన్ని ఉంటాయోనని మొన్న అమావాస్య నాడు మళ్ళీ కంగారు పుట్టింది. తెర మీద పదకొండు చుక్కలూ పచ్చగానే ఉన్నాయి. అయినా అప్పన్న గారికి ఫోన్ చేసి దీదీ ఎక్కడని అడిగాను. "గట్టు మీదుందమ్మా," అన్నారు. "సబ్ ఠీక్ అని ఒచ్చినాది. అయినా ఎల్లింది." ఆ రోజు నేను కడుపునిండా టిఫిన్ తిన్నాను.

మీరు అటు వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. పోర్ట్ బ్లెయిర్‌లో కరెంటు పోతే హోటల్లో ఎవరూ చెప్పకపోయినా ఫోన్ చార్జరు పీకెయ్యండి, వోల్టేజీ నిజంగానే కొడుతుంది. కరెంటు వచ్చాక తిరిగి పెట్టడం మాత్రం మర్చిపోకండి.