ఆరున్నొకటి

నా చిన్నప్పుడు ఆదోనిలో మా తాత ధాన్యం అంగట్లో ‘ఏడు’ అనే మాట వినపడేది కాదు. జొన్నలు కొలిచేటప్పుడు ఒకటిని లాభం అనేవారు. ఆరు తర్వాత ఆరున్నొకటి అని, ఎనిమిదికి పోయేవారు. ఏడు అంటే కొనేవాణ్ణి ఏడవమన్నట్టుంటుందని వాళ్ళ భయం. అదే అంగట్లో కూర్చుని నేను సెలవుల్లో రోజూ కడుపునిండా ఏడ్చేదాన్ని, మా మేనత్త కూతుర్ని చూసి.

ఎండాకాలం సెలవులకు అది ఎమ్మిగనూరు నుంచి దిగేది. వరసకు వదిన. నాలుగు నెలలు ముందు పుట్టినంత మాత్రాన వదిన ఎట్లవుతుందని అమ్మతో వాదించి, పేరు పెట్టే పిలిచేదాన్ని. ఏడాదంతా తాత పక్కన పరుపు మీద చోటు నాది. అది వచ్చిన రోజు నుంచి దానిది. లెక్కలు నోటితోనే తేల్చేస్తుంది మరి. వచ్చినవాళ్ళంతా దాని తల నిమిరేవారు. నేను శనగల మూటకు ఆనుకుని, ఎవరూ అడగని ఎక్కాలు నాకు నేనే అప్పజెప్పుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం బేరాలు లేక తాత పలక మీద పెద్ద సంఖ్య ఒకటి రాశాడు: 142857. రెండుతో హెచ్చవేయమని మేనత్త కూతురికిచ్చాడు. 285714 వచ్చింది. మూడుతో వేస్తే 428571. ఆరు వరకూ వేసింది. ప్రతిసారీ ఆ అంకెలే, ఆ వరసలోనే గుండ్రంగా తిరిగాయి. ముందు నిలబడేది మాత్రం మారింది. హమాలీలు కూడా వంగి చూశారు. చూసి పొగిడింది సంఖ్యను కాదు, దాన్ని.

తాత నావైపు తిరిగి, ముందు నిలబడే వంతు ఒకసారి ఒకరిది, ఇంకోసారి ఇంకొకరిది, అంతమాత్రానికి మూతి ముడుచుకోవడం దేనికన్నాడు. నీతి నాకేనని తెలిసి ఒళ్ళు మండింది.

“ఆ ఆరంకెలూ వంతులేసుకుంటాండాయి, సరే. మూడు, ఆరు, తొమ్మిది ఏం పాపం జేసినాయి తాతా? వాటికి వరసలో చోటే లేదు గదా?”

తాత పలక చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత దాన్ని నా ఒళ్ళో పెట్టాడు.

“ఏడుతో ఎయ్యి పాపా.”

ఆరున్నొకటి అనలేదు. జొన్నలు కొలిచే మనిషి చేతిలో శేరు ఆగిపోయింది.

కుడి నుంచి మొదలుపెట్టాను. ఏడేడుల నలభైతొమ్మిది, తొమ్మిది వేసి నాలుగు పట్టాను. తర్వాత ముప్పైతొమ్మిది. ఆ తర్వాత యాభైతొమ్మిది. ఎక్కడో తప్పు పోతున్నానేమోనని వేసినదంతా మళ్ళీ సరిచూసుకున్నాను. చివరికి 999999. చోటే లేదన్న తొమ్మిది వరసంతా ఆక్రమించుకుని కూర్చుంది.

తప్పని పలక లాక్కుని మేనత్త కూతురు తనూ వేసి చూసింది. దానికీ అంతే వచ్చింది.

“ఆ లెక్క నాకిచ్చింటే నేను సెయ్యనా?” అని ఆరున్నొక్క రాగం అందుకుంది. అబద్ధమెందుకు, నాకు కడుపు చల్లబడింది.

తాత లేచి, పరుపు మా ఇద్దరికీ వదిలేసి, పోయి శనగల మూట మీద కూర్చున్నాడు.

ఇప్పటికీ దాన్ని ఎవరైనా మెచ్చుకుంటే నాకు గుచ్చుకుంటుంది. అసూయ మంచిది కాదని చెప్పేవాళ్ళతో ఇప్పటికీ వాదిస్తాను. కానీ ఏడుపు వచ్చినప్పుడు దానికి ఆరున్నొకటి అని మారుపేరు పెట్టను. ఏడుపనే అంటాను. అని, పలక నా ఒళ్ళోకి లాక్కుంటాను.