జలాలుద్దీన్‌కు తెలిసిన ఒక్క పుట్టగొడుగు

లక్సెట్టిపేట బస్టాండు దగ్గర సైకిళ్లు బాగుచేసే జలాలుద్దీన్‌కు పుట్టగొడుగుల సంగతి ఏమీ తెలియదు. భార్య షాజాదీ బేగం పుట్టిల్లు ఇచ్చోడ. పెళ్లయిన తొలి వానాకాలం, 1978లో, "మా దిక్కు గీ యాళ్లకు ఇంటింట్ల పుట్టగొడుగుల కూరే" అని ఆమె ఒకసారి అన్నది. అంతే. మర్నాడు పొద్దున్నే అతను పశువులు మేసే గడ్డిలోంచి సంచి నిండా తెచ్చాడు. తెల్లటి పెద్ద గొడుగులు, కాడకు ఉంగరం తొడిగినట్టు చుట్టు. షాజాదీ కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. అతని ముఖంలో సంబరం చూసి ఏమీ అనలేక వండింది.

మధ్యాహ్నం తిన్నారు. పొద్దు గూకకముందే ఇద్దరికీ వాంతులు. పక్కింటివాళ్లు రిక్షాలో దవాఖానకు చేర్చారు. రెండు రోజులు సెలైన్ ఎక్కించాక కోలుకున్నారు. ఇంటికొచ్చి చూస్తే, సంచిలో మిగిలిన గొడుగుల కింది రేకులు ఆకుపచ్చగా మారి ఉన్నాయి. జలాలుద్దీన్ వాటిని గోతిలో పాతిపెట్టాడు. చాలా రోజులు భార్య కళ్లలోకి చూడలేకపోయాడు.

మరుసటి వానలకు, కట్టెలమ్మే రామవ్వను బతిమాలి ఆమె వెంట అడవికి పోయాడు. చెదపుట్ట మీద మొలిచినదాన్ని ఆమె మెల్లగా పైకి లాగింది. కాడ వేరులా సన్నబడి జానెడు లోపలికి ఉంది. ఉంగరం లేదు.

"ఉంగరమున్నయన్నీ విషమేనా అవ్వా?"

"అన్నీ గాదు బిడ్డా. తినేటియి గూడ ఉంటయట. ఏది ఏదో నాకు తెల్వది. తెల్వనిదాన్ని నేను ముట్ట. నువ్వు గూడ ముట్టకు."

రామవ్వ తెంపి ఇచ్చినవే తెచ్చాడు. షాజాదీ చూడగానే గుర్తుపట్టింది. "గివే! మా అమ్మీ వండేటియి గివే."

అయినా కూర దిగగానే అతను గిన్నె తన వైపు లాక్కున్నాడు. "ముందుగాల నేను తింట. రేపటిదాక చూసి నువ్వు తిను."

"మీకేమన్నయితే నేను చూసుకుంట కూసోవాల్నా?" షాజాదీ గిన్నె గుంజుకుంది. "పోయినసారే నాకు జర శక్ అయింది, అవి మా దిక్కువి గావేమోనని. మీ ముఖం జూసి చెప్పలే. తప్పు నాది గూడ ఉన్నది."

జలాలుద్దీన్ జొన్నరొట్టె తుంచి సగం ఆమె చేతిలో పెట్టాడు. ఇద్దరూ ఒకే గిన్నెలో తిన్నారు.

ఆ తర్వాత ఏటేటా రామవ్వ వెంట పోయేవాడు. ఆమె కాళ్లు ఆడని రోజులొచ్చాక, తాను తెచ్చినవి మొదట ఆమె మంచం పక్కన పరిచేవాడు. ఒక్కొక్కటీ తడిమి చూసి ఆమె తలూపాకే, సగం ఆమె ఇంట్లో ఉంచి మిగతావి షాజాదీకి తీసుకుపోయేవాడు.