మా మేనత్త గుట్ట మీద మరిచినవి

నా చిన్నప్పుడు, ఒక్క ఆదివారం పూట మా మేనత్త గుట్ట మీద మరిచిన వస్తువులివి: కొడవలి, తువ్వాలు, సద్దిగిన్నె మూత, కుడికాలి చెప్పు. మొత్తం నాలుగు. ఆ రోజే వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను కాబట్టి ఇప్పటికీ లెక్క తప్పదు.

ఆ ఏడు వానాకాలంలో ఎడ్లబండి మీద నుంచి పడి నా ఎడమకాలు విరిగింది. దవాఖానలో కట్టు విప్పి, ఎముక అతికింది, ఇక నడవొచ్చు అన్నారు. నేను మాత్రం నడవలేదు. అడుగు గట్టిగా వేస్తే మళ్లీ విరుగుతుందని భయం. గోడ పట్టుకుని ఇంట్లోనే తిరిగేదాన్ని. మంచినీళ్లు కూడా అమ్మే తెచ్చిచ్చేది. బడి పక్క ఊళ్లో ఉంది. దసరా సెలవులు అయ్యేలోగా నడవకపోతే మాన్పిస్తానని నాన్న తేల్చి చెప్పాడు. కోపంతో కాదు. రోజూ నన్ను ఎత్తుకుపోయి దింపే తీరిక ఇంట్లో ఎవరికీ లేదు.

అప్పుడు మా మేనత్త వచ్చింది. నాన్నకు అక్క. గుట్టకు నాలుగు చేన్ల ఇవతల ఆమె వేరుశనగ చేను, అందులో ఒక కొట్టం. అడవిపందులకు కాపలాగా పంటకాలమంతా అక్కడే ఉండేది. "గుట్ట మీద సీతాఫలాలు కండ్లు తెరిచినయి, పండుకొస్తున్నయి, కోడల్ని రెండు రోజులు తోలుకపోత" అని శనివారం నన్ను బండిలో తీసుకుపోయింది.

మర్నాడు పొద్దున ఆమె భుజం పట్టుకుని గుట్టకు బయలుదేరాను. తొందరేమీ లేదు. గుట్ట మీద నేను ఎక్కడ కూర్చుంటే ఆమె అక్కడే కూర్చునేది. కాస్త ఎక్కాక నొసలు కొట్టుకుంది.

"అయ్యో కోడలా, కొడవలి కింద బండ మీదనే ఇడిసొచ్చిన. జర పోయి తేపో, నాకు ఆయాసమొస్తుంది."

"మరి నా కాలు?"

"నాకు మతి లేదు, నీకు కాలు లేదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషైతం. పో!"

రాళ్లు పట్టుకుంటూ దిగి తెచ్చాను. తర్వాత తువ్వాలు. తర్వాత మూత. ఈమెతో ఎందుకొచ్చానా అని గొణుక్కుంటూ దిగేదాన్ని. శిఖరం దగ్గరపడ్డాక చెప్పు మరిచానంది. చాలా కింద, ఒక పొద పక్కన దొరికింది. తెచ్చి ఆమె ముందు పడేశాక అనుమానమొచ్చింది.

"కాలికున్న చెప్పు ఎట్ల మరుస్తవత్తా?"

ఆమె పడీపడీ నవ్వింది. "గింతసేపు పట్టిందా నీకు? లెక్కలల్ల ఫస్టంటివి గద! నేనెక్కింది ఒక్క గుట్ట. నువ్వెన్ని ఎక్కినవో చెప్పు."

లెక్క కట్టడానికి నిలబడ్డాను. దేన్నీ పట్టుకోకుండా నిలబడ్డానని అప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం దాకా చెట్ల కింద పండ్లు తిని, కండ్లు విప్పిన కాయలు కోసుకుని దిగాం. కిందికొచ్చేసరికి కాలు నిజంగానే నొచ్చింది. ఆమె నన్ను వీపున వేసుకుని ఆ నాలుగు చేన్లూ ఎండలో మోసింది. కుంటుతూ నడుస్తోంది. నన్ను వెక్కిరిస్తోందనుకుని వీపు మీద ఒకటి చరిచాను. ఆమె కొట్టంలో కూర్చుని, పిన్నీసుతో కుడి మడమలోంచి ముల్లు తీసుకుంది. నేను ఎక్కువ దూరం నడవాలని చెప్పు అంత కింద విడిచి, తను ఉత్తకాలితో ఎక్కింది.

దసరా తర్వాత బడికి నడిచే పోయాను. ఆ చదువు ఏడో తరగతితోనే ఆగిందిగానీ, మిగిలిన లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. ఈ రోజుకీ మా ఇంట్లో పిల్లలెవరైనా తమవల్ల కాదని కూర్చుంటే ధైర్యం చెప్పను. ఏదో ఒకటి మరిచిపోయి వస్తాను.

మా మేనత్తకు ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి. మొన్న దవాఖానలో మేడమెట్లు నేనే వీపున వేసుకుని ఎక్కించాను. "అత్తా, ఒక చేను బాకీ తీరింది" అంటే నెత్తిన మొట్టింది.

"నువ్వు నీడపట్టున మోసినవ్, నేను ఎండల మోసిన. అర చేనే కట్టుకో."

అందుకని ఇంకా మూడున్నర చేన్ల బాకీ ఉన్నాను.