జారిన పేగుకు తోలుపట్టీ: నౌపడ నుంచి విజయనగరం

ఉప్పు బస్తాలు మోసేవాడికి పేగు జారితే కూడు జారినట్టే. నిరుడు నౌపడ ఉప్పుమడుల్లో బస్తా ఎత్తుతూ గజ్జల్లో నిమ్మకాయంత ఉబ్బు తెచ్చుకున్నాను. పడుకుంటే లోపలికి పోతుంది. దగ్గినా, నవ్వినా బయటికొచ్చి పలకరిస్తుంది. శ్రీకాకుళంలో డాక్టరుగారు హెర్నియా అన్నారు, కోసి కుట్టాలన్నారు. వేళాకోళాలతో ఊరందరినీ ఏడిపించే నాకు కత్తంటే చచ్చేంత భయం. విజయనగరంలో గుర్రాలకు జీన్లు కుట్టే పెద్దాయన తోలుపట్టీతో పేగును ఆపుతాడని మా బావ చెప్పగానే, బావనే వెంటబెట్టుకుని బయల్దేరాను.

పొద్దున్నే పాసింజరు ఎక్కితే ఎండ నెత్తికెక్కేవేళకు విజయనగరంలో దిగుతారు. మూడో తరగతి టిక్కెట్టు మూడు రూపాయల లోపే. ఆమదాలవలసలో ఇడ్లీలు వేడిగా దొరుకుతాయి, అక్కడే తినేయండి. విజయనగరం స్టేషను బయట జట్కావాడు నా నడక చూసి, "జీన్లాయన ఇంటికా? జీను గుర్రానికా, నీకా?" అన్నాడు.

"నాకేరా."

"అయితే మెల్లగా తోల్తాన్లే."

పెద్దాయన నన్ను చాప మీద పడుకోబెట్టి, ఉబ్బు లోపలికి పోయాక, పత్తి కూరిన తోలుదిండు గజ్జల్లో పెట్టి నడుము చుట్టూ తోలువారు బిగించాడు. ఎంత నాజూకు చెయ్యో! "ఇది మందు కాదు మావా, తలుపుకి గడియలాటిది. తీస్తే మళ్ళీ వస్తాది. బస్తాలెత్తకు, బస్తా మూతులు కుట్టే పని సూసుకో" అని ఉన్నమాట చెప్పాడు.

ఆయన భార్య వంగి చూసి పెదవి విరిచింది. "ఇంకా ఉబ్బుగానే ఉన్నాది. ఆ తోలుకత్తి ఇలా తే, కొంచిం కోసేద్దాం."

ఆయన కత్తి తీసి రాయి మీద నూరాడు.

చెప్పుల్నీ, బావనీ అక్కడే వదిలేసి గుమ్మం దూకాను. వీధి కాలవ ఒక్క గెంతులో దాటి, అవతల ఆగి ఉన్న మా జట్కా వెనక నక్కాను. తొంగిచూస్తే అరుగు మీద అందరూ ఒకటే నవ్వు, అందరికంటే ఎక్కువగా మా బావ!

"పట్టీ కట్టినోళ్ళందరికీ ఇదే పరీచ్చ తమ్ముడా!" అని అరిచిందామె. "కాలవ గెంతేవు కదా, ఏటైనా జారిందేటి?"

చెయ్యి పెట్టి చూసుకున్నాను. జారలేదు. అక్కడే కూలబడి, ఏడాది తర్వాత గజ్జలు పట్టుకోకుండా నవ్వాను.

ఎన్ని వేళాకోళాలు చేశానో నాకే లెక్కలేదు గాని, ఇంత పనికొచ్చేది ఒక్కటీ చెయ్యలేదు. ఆ ఇద్దరికీ దణ్ణం పెట్టాను. ఉబ్బు లోపలికి పోక నొప్పీ వాంతులూ పట్టుకుంటే మాత్రం ఆసుపత్రికే పరిగెత్తమని ఆయనే చెప్పి పంపాడు. నేను చెప్పేది ఒక్కటే: చెప్పులు కాళ్ళకే ఉంచుకోండి. కాలవ అవతల అన్నీ పల్లేరుకాయలే.