ఒకసారి వాడి పారేయాల్సిన గొట్టం

క్రేన్ మీద కూర్చున్నవాడికి కింద సిగ్నల్ ఇచ్చే మనిషి చేతులే ఆధారం. ఆ రోజు సింహాచలం చెయ్యి పైకెత్తాడో, అడ్డంగా పెట్టాడో నాకు తెలియలేదు. అంచనాతో కొక్కెం దించాను. అతను పక్కకు దూకి బతికిపోయాడు. కిందికి దిగి నేరుగా ఆస్పత్రికి వెళ్లాను.

రెండు కళ్లలోనూ కేటరాక్ట్ ఉందని హిందీలో చెప్పారు డాక్టరు. "చిన్న ఆపరేషన్. ముందు కుడికన్ను చేద్దాం. మళ్లీ క్రేన్ ఎక్కుతావు."

ఆపరేషన్ మర్నాడు పొద్దున్నే కట్టు కింద పోటు మొదలైంది. మామూలే అంది నర్సు. మధ్యాహ్నానికి కణత నుంచి దవడ దాకా లాగేసింది. అన్నం తెచ్చిన మా ఆవిడ రాములమ్మ కట్టు అంచు చూసి, "ఏటిదయ్యా, సీము కారతంది!" అంటూ డాక్టరు కోసం పరుగెత్తింది. కట్టు విప్పితే టార్చి వెలుగు ఎర్రటి మరకలా తోచింది, అంతే.

పక్క మంచం మీద సిద్ధగోరా బస్తీ నుంచి వచ్చిన ముసలామె. నా వెనకే ఆపరేషన్ చేశారు. ఆమె కంట్లోనూ చీమే. కట్టు ఎప్పుడు విప్పుతారని అడుగుతూనే ఉంది. అప్పటికే విప్పేశారు.

కంట్లోకి మందునీరు పంపే సన్నటి గొట్టం, కాన్యులా అంటారు, ఒకసారి వాడి పారేయాల్సినదట. కొత్తవి రాలేదని దాన్నే మరిగించి అందరికీ వాడుతున్నారట. ల్యాబులో కల్చర్ పరీక్ష చేస్తే దాని మీదా, మా కళ్లలోనూ ఒకే క్రిమి దొరికింది.

కంటి పక్కనే ఇంజెక్షన్లు పొడిచారు. రాత్రి వచ్చిన జ్వరం తగ్గింది, చూపు రాలేదు. ఇన్ఫెక్షన్ పాకుతోంది, కన్ను తీసేయక తప్పదన్నారు. డాక్టరు నా మంచం మీదే కూర్చుని, "గల్తీ హమారీ హై, భాయ్" అన్నారు.

"తప్పు మీదైతే మా ఆయన కన్నెందుకు పోవాల బాబూ?" అంది రాములమ్మ.

ఆయనకు తెలుగు రాదు. నేను హిందీలో చెప్పలేదు.

ఇప్పుడు నాకు క్రేన్ లేదు. స్టోర్ గేటు దగ్గర కూర్చోబెట్టారు. ఎడమకంట్లో కేటరాక్ట్ ముదురుతోంది. బారిడీహ్ క్వార్టర్లో మా అమ్మాయి ఎదురుగా నిలబడినా మొహం ఆనదు. "ఆపరేషన్ కరా లో నా, నాన్నా" అని ఆ కంటికీ చేయించుకోమని బతిమాలుతుంది. "కొత్త ప్యాకెట్టు మన ముందే ఇప్పుతారంట, రాయ్యా" అంటుంది రాములమ్మ. ఆస్పత్రి గేటు దాకా వెళ్లాను. మందుల వాసన తగలగానే వెనక్కి వచ్చేశాను.

చదివేవారికి ఒక్కటే చెబుతాను. కంటి ఆపరేషన్ తర్వాత పోటు తగ్గకుండా పెరుగుతుంటే, మామూలే అంటే విని ఊరుకోకండి. వెంటనే డాక్టరు చేతే కట్టు విప్పించండి. బాగా ఓర్చుకుంటున్నావని ఆ పొద్దున నన్ను అందరూ మెచ్చుకున్నారు.