ఇంజనుకు తలంటు

మా కారు స్టీరింగు వెనక పలకలో ఒక బొమ్మ ఉంది. ఇంజను బొమ్మట అది. మా అత్తకు మాత్రం కుళాయిలా కనిపిస్తుంది. నాకూ మొదట్లో అలాగే కనిపించింది కానీ ఆవిడ దగ్గర ఒప్పుకోలేదు. ఇంట్లో కారు నడిపేది నేనొక్కదాన్నే. ఎమ్మిగనూరు నుంచి ఒక పల్లె బడికి రోజూ అందులోనే వెళ్ళి పాఠాలు చెప్పి వస్తాను. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నప్పుడు దాంతోపాటు వచ్చిన పుస్తకాన్ని పరీక్షకు చదివినట్టు చదివాను. ఆ పసుపు దీపం వెలిగి నిలకడగా ఉంటే కంగారు పడక్కర్లేదు, మెల్లగా నడుపుకుంటూ వెళ్ళి వీలు చూసుకుని మెకానిక్‌కు చూపించాలి. ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంటే మాత్రం ఉన్నచోటనే ఆపేయాలి. అంతవరకూ నాకు నోటికి వచ్చు. కానీ అది వెలిగినప్పుడు అత్తలకు ఏం సమాధానం చెప్పాలో ఆ పుస్తకంలో రాయలేదు.

పోయిన దసరాకు మా ఇంట్లో అందరి ప్రాణమూ ఒక్క విషయం మీదే ఉంది. మా ఆడబిడ్డ భర్త పోయి చాలా ఏళ్ళయింది. అప్పటినుంచి మా దగ్గరే ఉంటూ పిల్లలకు ట్యూషన్లు చెబుతోంది. ఆదోని పత్తి మార్కెట్‌లో గుమాస్తాగా చేసే ఒకాయన, ఆయనకూ భార్య లేదు, బంధువుల ద్వారా కబురు పంపాడు. ఇద్దరూ మాట్లాడుకున్నారు, ఇష్టపడ్డారు. అయితే ఆడబిడ్డ ఒక మెలిక పెట్టింది. వాళ్ళమ్మ, అంటే మా అత్త, ఆయన ఇంటికి వచ్చి, తన నోటితో సరే అంటేనే పెళ్ళి, లేకపోతే లేదు. మా అత్త నసిగి నసిగి, చివరికి విజయదశమి నాడు ఆదోనికి వస్తానంది. "ఏ చెడు శకునమూ కాకుంటే" అని తనూ ఒక ముడి వేసింది.

శకునాల పట్టింపు మా ఇంట్లో అంతా ఇంతా కాదు. మా ఆయన గుడిలో అర్చకులు, సగం ఊరికి ముహూర్తాలు పెట్టేది ఆయనే. ఇంట్లోంచి ఎవరు బయలుదేరినా మా ఆడబిడ్డ తనంతట తానే వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటుంది. భర్త లేని మనిషి ఎదురు రాకూడదట. వెళ్ళమని మేమెవరమూ చెప్పలేదు. ఉండమనీ చెప్పలేదు. నేను బడికి బయలుదేరే ప్రతి పొద్దునా ఆ తలుపు మూసుకున్న చప్పుడు వినబడేది. ఒళ్ళు మండేది, కానీ బడికి వేళవుతోందని వెళ్ళిపోయేదాన్ని.

నవమి నాడు ఆయుధపూజ. వంటింట్లో ఓళిగలు, అదే బొబ్బట్లు, కాలుస్తున్నాను, బయట నీళ్ళ చప్పుడు ఎంతకీ ఆగడం లేదు. ఏమిటా అని వచ్చి చూద్దును కదా, కారు బానెట్ ఎత్తి ఉంది. మా ఆయన పంచె ఎగగట్టి, పైపు పెట్టి ఇంజనంతా కడిగేశారు. అది చాలదన్నట్టు బిందెడు పసుపునీళ్ళు కలిపి, అందులో చామంతి రేకులు వేసి, గుడిలో చేసినట్టే మంత్రం చదువుతూ పైనుంచి పోస్తున్నారు.

"అయ్యో అయ్యో! ఏం చేస్తాండారండీ?"

"అభిషేకం. దుమ్ము పట్టి ఎట్లుండాదో నువ్వెప్పుడన్నా చూసినావా? లోపల మురికి పెట్టుకోని పైన బొట్టు పెడితే అది పూజా?"

"అది ఇంజనండీ, దేవుడు కాదు!"

"ఈ పొద్దు దేవుడే" అని మిగిలిన చెంబెడూ పోసేశారు. ఆయనతో వాదించి ఎవరు గెలిచారు గనక. బానెట్ దించి బొట్లు పెట్టారు, దండ వేశారు, బూడిద గుమ్మడికాయ కొట్టారు, నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు పెట్టారు. నేను కూర్చుని కారు ముందుకు కదిలిస్తే నిమ్మకాయలు నలగాలి, అంతటితో పూజ అయిపోతుంది. తాళం తిప్పాను. కారు చలిజ్వరం వచ్చిన మనిషిలా వణికింది. పలకలో పసుపు దీపం టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. వెంటనే ఆపేశాను. నిమ్మకాయలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

మా అత్త అప్పటికే కిటికీలోంచి లోపలికి తొంగి చూస్తోంది. "ఆ కుళాయి ఏమే అట్ల కొట్టుకుంటాంది?"

"ఇంజన్లోకి నీళ్ళు పోయినట్లుండాది అత్తా. ఆరితే సరిపోతుంది."

ఆవిడ నా మాట వినలేదు. టైరు కింది నిమ్మకాయ వంక చూసింది, దీపం ఉన్న వైపు చూసింది. "నిమ్మకాయ నలగలే. దీపం కొట్టుకుంటాంది. ఇంకేం కావాల? అమ్మవారు వద్దంటాంది. రేపు ఆదోనికి పోయేది లేదు" అని లోపలికి వెళ్ళిపోయింది.

మా ఆయన తడి పంచెతో నిలబడిపోయారు. "అమ్మ అన్నదీ నిజమేనేమో" అన్నారు మెల్లగా.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "అమ్మవారేమీ వద్దనలేదు. మీరు పోసిన నీళ్ళు వద్దంటాండాయి!" అని వీధి వీధంతా వినబడేలా అరిచాను. అరిచి లోపలికి వెళితే, మా ఆడబిడ్డ రేపటికని ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టుకున్న చీరను మడత పెట్టి బీరువాలో పెడుతోంది. ఆమె ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

నేను ఊరుకోలేదు. ఆదోని రోడ్డులో షెడ్డు పెట్టుకున్న మా మెకానిక్‌కు ఫోన్ చేశాను. పండగ పూట పిలిచినందుకు గొణుక్కుంటూనే వచ్చాడు. బానెట్ ఎత్తి, ఇంజను వంక ఒకసారి, మా ఆయన వంక ఒకసారి చూశాడు.

"ఏంది సామీ, ఇంజనుకు తలంటు పోసినారా?"

మా ఆయన దండ సర్దుతున్నట్టు అటు తిరిగారు. మెకానిక్ ప్లగ్గుల మీద ఉండే కాయిళ్ళు ఒక్కొక్కటే ఊడబీకాడు. ప్లగ్గు కూర్చునే ఒక గుంతలో పసుపునీళ్ళు నిలిచి ఉన్నాయి. అందులో ఒక చామంతి రేకు తేలుతోంది. ఆ రేకును వేలితో తీసి మా ఆయన అరచేతిలో పెట్టి, "ప్రసాదం తీస్కోండి" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. నీళ్ళు గుడ్డతో అద్ది, గాలి కొట్టి, కాయిళ్ళు ఆరబెట్టి మళ్ళీ బిగించాడు. తాళం తిప్పితే కారు ఎప్పటిలాగే నిదానంగా పలికింది. దీపం కొట్టుకోవడం మానేసింది కానీ ఆరలేదు, నిలకడగా వెలుగుతూ ఉండిపోయింది.

"ఇంకేం బయంలే అక్కా. జరిగిన సంగతి అది గుర్తు పెట్టుకుంటాది, అందుకే వెలుగుతాంది. కొన్ని తూర్లు నడిపితే దానికదే ఆరిపోతాది. ఇప్పుడే ఆర్పాలంటే నా కాడ మిషన్ ఉండాది, పెట్టి ఆర్పేస్తా."

"ఆర్పేయప్పా, నీకు పుణ్యముంటుంది" అన్నాను. ఆర్పించి, అత్తను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపిద్దామని నా ఆత్రం.

"వద్దన్నా. ఉండనీ."

వెనక్కి తిరిగి చూస్తే మా ఆడబిడ్డ. పూజ జరిగినంత సేపూ వెనక గదిలో ఉన్న మనిషి గేటు దాకా వచ్చి నిలబడింది.

"ఏమ్మా, నీకేమన్నా పిచ్చా? అది ఆరితేనే కదా మీ అమ్మ కారెక్కేది" అన్నాను.

"ఇప్పుడు దీపం ఆర్పి అమ్మను తీసుకోని పోతావు వదినా. రేపు దారిలో పిల్లి అడ్డమొస్తే ఏం చేస్తావు? ఆ తర్వాత ఇంకోటి వస్తే? ఎన్ని ఆర్పుతావు? వస్తే ఈ దీపం వెలుగుతాండంగానే రావాల. లేకుంటే వద్దు, నేనిట్లనే ఉంటా." గొంతు పెద్దది చేయలేదు. కానీ వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మా అత్త వింటోందని మా అందరికీ తెలిసింది.

మెకానిక్ మిషన్ సంచిలో పెట్టేసుకుని, ఓళిగ తింటూ మా ఆయనతో వానల గురించి మాట్లాడి వెళ్ళిపోయాడు.

విజయదశమి పొద్దున నేను తలస్నానం చేసి వచ్చేసరికి అత్త వసారాలో కూర్చుని ఉంది. పట్టుచీర కట్టుకోలేదు, రోజూ కట్టే నేతచీరే. ఇక రాదనుకున్నాను. ఆడబిడ్డ కాఫీ తెచ్చి ముందు పెట్టింది.

"అమ్మా, ఆ దీపం ఇంకా వెలుగుతానే ఉంది. నేనే ఆర్పొద్దన్నా. నువ్వు రాకపోతే నాకేం కోపం లేదు."

అత్త కాఫీ ముట్టుకోలేదు. "నీ మొదటి పెండ్లికి ఎన్ని శకునాలు సూసినామో తెలుసునా నీకు?" అంది. "ముత్తైదువ ఎదురొచ్చె. గుడి గంట మోగె. పాలకుండ ఎదురొచ్చె. ఒక్కటీ తప్పు పోలే. ఏం నిలిచె?" అల్లుడు పోయిననాడు కూడా ఆవిడ నోట ఇంత మాట నేను వినలేదు. మా ఆయన గడప దగ్గర నిలబడి కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు.

కాసేపటికి ఆవిడే లేచి వెళ్ళి పట్టుచీర కట్టుకుని వచ్చింది. వచ్చి ముందు సీట్లో, నా పక్కన కూర్చుంది. మా ఆయన వెనక ఎక్కారు. నేను తాళం తిప్పాను. పసుపు దీపం వెలిగింది. అత్త దాన్నే చూస్తూ ఉంది.

అంతలో ఇంట్లోంచి నాకు బాగా అలవాటైన చప్పుడు వినబడింది. వెనక గది తలుపు. తనూ మాతోనే రావలసిన మనిషి, తన పెళ్ళి మాటకే వెళుతున్న మనిషి, కారు కదిలేదాకా ఎదురు రాకూడదని అలవాటుగా వెళ్ళి తలుపు వేసుకుంది.

"ఆపు" అంది అత్త. నేను ఇంకా కారు కదిలించనే లేదు. ఆవిడ కిటికీలోంచి తల బయటికి పెట్టి గట్టిగా పిలిచింది. "అమ్మీ! ఈడికి రా!"

ఆడబిడ్డ బెదిరినట్టు గేటు దాకా వచ్చింది.

"ఆ మూల దాకా పోయి, కారుకు ఎదురుగా రా. ఆదోనిలో ఆయప్పకు మాట ఇచ్చేదానికి పోతాండాము. నువ్వే ఎదురు రావాల."

ఆమె వాళ్ళమ్మ ముఖంలోకి చూసింది. తర్వాత చెప్పులు కూడా వేసుకోకుండా వీధి మూల దాకా నడిచి, అక్కడ తిరిగి, కారుకు ఎదురుగా రాసాగింది. ఏడుస్తూ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ వచ్చింది. ఎదురింటి వాళ్ళు బయటికొచ్చి చూస్తున్నారు. నాకు కళ్ళు మసకబారి దీపమూ కనబడలేదు, దారీ కనబడలేదు.

"బిడ్డను ఎక్కించుకో" అంది అత్త. "ఎక్కించుకోని పోనీ."