మెరిసే జుట్టు, మూగబోయిన పొర

గ్యాస్ అలారాలు తయారుచేసే ఆ షెడ్డులో ఆమెను అందరూ ముక్కు అనే పిలిచేవారు. లీకు ఎక్కడున్నా యంత్రం కంటే ముందే పసిగడుతుందని. ఆ పేరంటే ఆమెకు లోలోపల మురిపెం.

కొత్తవాళ్లకు పని నేర్పేది ఆమే. "మిరియపు గింజంత ఈ సెన్సర్ మీద టిన్ ఆక్సైడ్ పొర ఉంటుంది. వేడెక్కగానే గాలిలోని ఆక్సిజన్ దాన్ని అంటుకుని, లోపలి ఎలక్ట్రాన్లను గుప్పిట పట్టేస్తుంది. ఇక కరెంటు కాళ్లీడ్చుకుంటూ నడుస్తుంది. గ్యాస్ వచ్చి ఆ ఆక్సిజన్‌ను లాక్కుపోయిందా, గుప్పిట విడిపోతుంది. కరెంటు పరుగందుకుంటుంది, అలారం మోగుతుంది. సిలికోన్ ఆవిరి తగిలితే మాత్రం పొర మీద గాజులా పేరుకుంటుంది. ఇక గ్యాస్ వచ్చినా దానికి తెలీదు. అందుకే సిలికోన్ జిగురు ఈ గదిలోకి రాకూడదు."

ఈమధ్య అలారాలు పరీక్షలో మూగబోయాయి. పక్క కుర్చీలో కూర్చునేది ఆమె తమ్ముడి భార్య, కొత్తగా చేరింది.

"ఇంట్లో పాలు పొంగిపోనిచ్చినట్టే ఇక్కడా పరధ్యానమేనా?" అంది ముక్కు, గదంతా వినేలా. ఎవరో కిసుక్కుమన్నారు. మరదలు తల దించుకుంది. సూపర్‌వైజర్ మరదలిని అట్టపెట్టెల గదికి పంపి, నెలాఖరుకి మానేయమన్నాడు.

మరదలు ఆ గదికి మారాక కూడా అలారాలు పలకలేదు.

సూపర్‌వైజర్ ఒక ఉదయం ముక్కు వెనక ఆగాడు. వానకు తడిసిన ఆకులా నిగనిగలాడుతోంది ఆమె జుట్టు.

"తలకి ఏం రాస్తున్నారండీ?"

ఆమె సంచిలోంచి సీరం సీసా తీసిచ్చింది. ఆయన సీసా వెనకున్న చిన్న అక్షరాలు చదివి గొంతు తగ్గించాడు. "ఇదీ సిలికోనే. రేపట్నుంచి రాయకండి. మూడో కంటికి తెలియనక్కర్లేదు."

ఇన్నాళ్లూ సిలికోన్ అంటే జిగురు ట్యూబే అనుకుంది ఆమె. ముఖం మీదికి వేడి పాకింది. ఎవరూ చూడకుండానే తలంతా ఎవరో చూస్తున్నట్టుంది.

అట్టపెట్టెల గదికి వెళ్లి, "పాడుచేసింది నేనే, నా తలకి రాసుకున్నదే" అంది గుసగుసగా.

మరదలు టేపు తెంపి, పెట్టె మీద అరచేత్తో ఒత్తింది. "నన్ను అన్నప్పుడు గదంతా వినిపించింది వదినా. ఇది మాత్రం నా చెవిలోనా?"

ముక్కు చెయ్యి జుట్టు మీదికి వెళ్లి, మధ్యలోనే ఆగిపోయింది. "రా" అంది.

ఇద్దరూ బల్లల మధ్యకి వచ్చి నిలబడ్డారు. తలలు లేచాయి. ఆమె మొదటి మాట ఎవరికీ వినపడలేదు.

"ఇంకొంచెం గట్టిగా వదినా" అంది మరదలు, వెనక నుంచి.

ఆమె మళ్లీ చెప్పింది.